బరాత్ గుర్రం చిందులు

మొగుడంపల్లి

బామ్మర్ది జగదీశ్‌కు, చలికి వణుకుతూ మీ బావ రాస్తున్నది.

ఫోన్‌లో చెప్తే ఎగతాళి అనుకుని నవ్వి పెట్టేస్తున్నావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. పుష్యమాసంలో పెళ్లిళ్లు లేవని నీ బరాత్ గుర్రాన్ని మా కొట్టంలో వదిలిపోయావు. చలికి కప్పమని బరాత్ ఊరేగింపులో వేసే జరీ మఖ్మల్ గుడ్డనే ఇచ్చిపోయావు. నీ తెలివికి దండం. అది కప్పగానే గుర్రం చిందులేస్తోంది, గడ్డి ముట్టదు, పడుకోదు. తీసేస్తే వణుకుతోంది. పక్కటెముకలు తేలాయి. ఈ చలికాలం గట్టెక్కుతుందో లేదోనని భయంగా ఉంది.

నిన్న విసుగొచ్చి నా గొంగడి తీసి దానికి కప్పాను. కడుపునిండా తిని పడుకుంది. మీ అక్క నవ్వి, "ఇగ నువ్వు గా మఖ్మల్ కప్పుకో, పెండ్లికొడుకు లెక్క ఉంటవ్" అన్నది. కప్పుకున్నాను. లోపలి జరీ పోగులు గీరుకుని ఒళ్లంతా దద్దుర్లు.

నీ గుర్రానికి నాట్యం వచ్చని జహీరాబాదంతా చెప్పుకుని తిరుగుతున్నావు కదా. అది నాట్యం కాదు, దురద.

మఖ్మల్ తిప్పి పంపుతున్నాను. మాఘంలో మళ్లీ గుర్రం మీద వేసే ముందు లోపల మెత్తటి పాత చీర కుట్టించు. నా మాట నమ్మకపోతే, బనీను విప్పి నువ్వే ఒకసారి కప్పుకుని చూడు.

మీ బావ