మంచు రోడ్డు మీద శంకర్ పెత్తనం

రాజవ్వక్కకు, బావకు తమ్ముడు రాజేశం దండాలు పెట్టి రాస్తున్నది.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావ బీడీలు మానాడా? పిల్లలు బడికి సరిగ్గా పోతున్నారా? నా గురించి బెంగ పెట్టుకోకు, ఒంట్లో బాగానే ఉంది. కడుపుమంట ఒక్కటే తగ్గడం లేదు. దానికి కారణం మన పెద్దమ్మ కొడుకు శంకర్. ఈ మాట ఫోన్‌లో చెప్పుకుందామంటే వాడి మంచం నా మంచానికి మూరెడు దూరం. అందుకే కాగితం పట్టాను.

నేను ఖతర్‌లో ఈ అల్ షహానియాలో ఏళ్ళ తరబడి బండికి ఒంటెల ట్రైలర్ కట్టి లాగుతున్నాను. వెనక ఒంటె కాలు మార్చినా నా చేతికి తెలుస్తుంది. శంకర్ నిన్నగాక మొన్న వచ్చాడు. మిలిటరీలో ఉండగా లద్దాఖ్‌లో బండి తోలాడట, ఇంకేం, మా యజమాని అర్బాబ్ నోట ఎప్పుడూ వాడి పేరే. నువ్వు కూడా ఫోన్ ఎత్తగానే "శంకరన్న మంచిగున్నడా?" అంటావు. నేను నీ తోడబుట్టినవాణ్ణి కానా?

ఈ చలికాలం పిల్లలకు మంచు చూపిస్తానని అర్బాబ్ అందరినీ సౌదీలోని తబూక్ కొండలకు బయలుదేరదీశాడు. కొత్త బండి, ఇంటివాళ్ళు పడుకునే పెద్ద ట్రైలర్ శంకర్‌కు. పాత బండి, గిన్నెలూ గ్యాసూ ఉన్న వంట ట్రైలర్ నాకు. దారి పొడుగునా వాడి వెనక లైట్లు చూస్తూ పోయాను. ఆగిన ప్రతిచోటా పాఠం.

"బరువంత ముందటికి జరుపు తమ్మీ. మంచు మీద బ్రేకు గట్టిగ తొక్కినవనుకో, ఎనకది వచ్చి మనలనే నూకుతది."

నాకు తెలియదా అనుకున్నాను. నిజానికి తెలియదు, ఖతర్‌లో రోడ్డు గడ్డకట్టడం ఎవరు చూశారు? అయినా వాడు చెబుతుంటే వినబుద్ధి కాలేదు. వాడు అటు తిరిగాక బియ్యం బస్తాలు ముందుకు జరిపాను.

కొండ మీద ఒక దిగుడు దగ్గర శంకర్ ఆగిపోయాడు. తారు మీద నీళ్ళు గడ్డకట్టి తళతళమంటున్నాయి. ఆ దిగుడు దాటితేనే పిల్లలు అడిగిన మంచు. వాడు బూటుతో రోడ్డు రుద్ది చూసి, ట్రైలర్‌తో దిగనని అర్బాబ్ మొహం మీదే చెప్పాడు. పిల్లలు ఏడుపు అందుకున్నారు. అర్బాబ్‌కు కోపం నషాళానికెక్కి, వాడి చేతిలోంచి తాళం లాక్కుని నా చేతిలో పెట్టాడు.

"యల్లా రాజేశం, తుమ్ చలావో!" అన్నాడు, నడువు, నువ్వు తోలు అని.

అక్కా, ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది అదే. తాళం పట్టుకుని రోడ్డు వైపు నడిచాను. కాలు సర్రున జారింది. బండి పట్టుకుని నిలదొక్కుకున్నాను. వెనక సీట్లోంచి అర్బాబ్ చిన్న కూతురు నాకు చేయి ఊపుతోంది. శంకర్ వద్దని ఉంటే వాడి మీద కసితోనైనా తోలేవాణ్ణేమో.

"మై భీ నహీ, అర్బాబ్," నేనూ తోలనని తాళం తిరిగిచ్చేశాను.

ఆ పూటకు అక్కడే ఆగి, మర్నాడు ఎండెక్కి రోడ్డు ఆరాక దిగాం. పిల్లలు మంచులో పొర్లారు, అర్బాబ్ చల్లబడ్డాడు. ఇంటికొచ్చాక అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఎవరిని? శంకర్‌ని! కొత్త స్వెట్టర్ కూడా వాడికే. వాడు పోనంటే తెలివట, నేను పోనంటే భయమట. ఇన్నాళ్ళూ కోరుకున్న తాళం చేతికొచ్చాక కూడా వద్దన్నది నేనొక్కణ్ణే కదా, ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. శంకర్ మాత్రం, "నువ్వు బండెక్కుంటె నేను అడ్డం పండుకునేటోణ్ణి తమ్మీ," అన్నాడు. అది మెచ్చుకోవడమో దెప్పడమో ఇప్పటికీ తెలియలేదు.

ఈ ఉత్తరం తెచ్చేది వాడే, రేపు సెలవు మీద వస్తున్నాడు. కవరు గట్టిగా అతికించాను. వాడికి కోడి కోస్తావని తెలుసు. కొయ్యి, కానీ నా ముక్క నా పేరు మీద బావకు వెయ్యి. వాడు తిరిగొచ్చేటప్పుడు మామిడికాయ తొక్కు, కాస్త కారంపొడి పంపు. ఇక్కడి తిండికి నాలుక చచ్చిపోయింది.

రేపటి నుంచి కొత్త బండి తాళం నాది. పిల్లలు అప్పుడే మళ్ళీ మంచు అంటున్నారు, అర్బాబ్ సరేనంటున్నాడు. చలి ఇంకా పోలేదు. పెద్దమ్మకు, చిన్నాయనకు నా దండాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. నీ దీవెన ఉండాలి. శంకర్‌ని మాత్రం ఎక్కువ రోజులు ఉంచుకోకు అక్కా, తొందరగా పంపించు. ఈసారి వద్దనాల్సి వస్తే, మొదట అనాల్సింది నేనే.

నీ చిన్న తమ్ముడు,
రాజేశం