నొప్పుల దాకా ఆగనా, అక్కా?

భివండి

ప్రియమైన అక్కకు చెల్లెలు లత నమస్కారాలు. నువ్వు, బావ, పిల్లలు సిరిసిల్లలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మేమూ బాగానే ఉన్నాం. నాకు కాళ్లు వాచాయి, నిద్ర పట్టడం లేదు, అంతే. భయపడకు. ఫోన్‌లో నీ గొంతు వింటే ఏడుపొచ్చి సగం మాట మింగేస్తాను. అందుకే ఊరికి బస్సెక్కుతున్న పక్కింటి రాజవ్వ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ఇక్కడ వాన వదలడం లేదు. మా గది కింద బట్ట నేసే సాంచాలు రాత్రీ పగలూ ఆడుతూనే ఉంటాయి. మీ మరిదికి వాటి మీదే పన్నెండు గంటల డ్యూటీ. నాకేమో మక్క గటక మీద మనసు పోతోంది. ఇక్కడి పిండితో చేస్తే నోట పెట్టలేకపోయాను.

తొమ్మిదో నెల పడింది కదా, పోయిన వారం డాక్టరమ్మకు చూపించుకున్నాను. పాత కోతకు నాలుగేళ్లు దాటాయి కాబట్టి మామూలు కాన్పుకు చూడవచ్చంది. కానీ నొప్పులు మొదలైన వెంటనే ఆస్పత్రిలో ఉండాలట. ఆలస్యమైతే పాత కుట్టు విచ్చుకునే ప్రమాదం ఉందట. అంత భయమైతే నెలలు పూర్తిగా నిండాక ఆపరేషన్ చేస్తానని ఒక తేదీ చెప్పింది. ఆ రోజు అమావాస్య.

ఇది విని కోరుట్ల నుంచి అత్తమ్మ ఫోన్‌లో ఒకటే గోల. "అమాస నాడు ఎవలన్న కోరి కంటరా? అయ్యగారిని అడిగిన. అచ్చే గురువారం పొద్దుగాల మంచి గడియ ఉందట. బస్సెక్కి రాండ్రి!"

ఆ గురువారం డాక్టరమ్మ తేదీకి పదిహేను రోజుల ముందు. పోయినసారీ ఇదే కదా! జగిత్యాలలో డాక్టరు ఆగమన్నా, మూఢం వస్తోందని అత్తమ్మ ముందే కోయించింది. ఆమె ఒక్కదాన్నే అనను. నొప్పులు తప్పుతాయి కదా అని నేనూ తలూపాను. తొమ్మిది రోజులు పిల్లను అద్దాల పెట్టెలో పెట్టారు. రాజయోగం అన్నారు గానీ, మన రాణీగారికి ఇప్పటికీ వాన చినుకు పడితే ఆయాసమే. ఆ తప్పు నేను మళ్లీ చేయను.

ఆయన్ని అడిగితే, "నీ ఇష్టం. నాకేం ఎర్క?" అని అంగీ వేసుకుని డ్యూటీకి పోయాడు. ఇంత బరువు నా ఒక్కదాని మీద పెట్టి పోతే ఎలా అక్కా? నాకు మామూలు కాన్పే కావాలని ఉంది. కోత తర్వాత నెల రోజులు నువ్వు లేపితేనే లేచాను, మరిచిపోలేదు. కానీ ఆయన పనిలో ఉన్నప్పుడు నొప్పులొస్తే, ఈ సాంచాల చప్పుడులో నేను గొంతు చించుకున్నా ఎవరికీ వినబడదు.

సోమవారం డాక్టరమ్మకు ఏదో ఒకటి చెప్పాలి. బీడీలు చుట్టే చాట, పిల్లల బడి వదిలి రావడం నీకు కష్టమని తెలుసు. అయినా అడుగుతున్నాను. నువ్వొచ్చి పక్కనుంటే నొప్పుల దాకా ఆగుతాను. రాలేనంటే కోపం లేదు, అమావాస్య నాడే కోయించుకుంటాను. గురువారానికి మాత్రం ఒప్పుకోను. ఆ మాట అత్తమ్మకు నువ్వే నచ్చజెప్పు.

బావకు, చిన్నమ్మకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. నేను చల్లగా కనాలని దీవించమని అందరికీ చెప్పు.

అమ్మ ఉంటే నిన్ను ఇంతలా అడిగేదాన్ని కాదు.

నీ చెల్లెలు
లత