పేరు చెప్పలేదు కదా

జూలై 4, శుక్రవారం

మనవరాలు యశస్విని బడిలో నా పేరు ఇచ్చొచ్చింది. పైనుంచి సర్క్యులర్ వచ్చిందట: శనివారాలు శాంతి పీరియడ్, పేట పెద్ద ఎవరైనా వచ్చి పిల్లలకి అనుభవం చెప్పాలి. ఎనిమిదో తరగతి టీచరు అనూరాధ గారు ఫోన్ చేసి, జగ్గయ్య గారూ, ఇరవై నిమిషాలే, ఫోటో అప్‌లోడ్ చెయ్యాలండీ అన్నారు.

నేను బడి మొహం చూసినవాణ్ణి కాను. మాది చేపల పేటే గానీ పడవెక్కితే నాకు వాంతులు. అందుకని పోర్టులో చేరి, బస్తాలు మోస్తూ వాటి మీద అక్షరాలు కూడబలుక్కున్నాను. మొదట చదివిన ఇంగ్లీషు ‘యూజ్ నో హుక్స్’. బస్తాకి కొక్కెం గుచ్చొద్దని. శాంతికి అంతకంటే పాఠం ఏం కావాలి? చొక్కా ఇస్త్రీకి ఇచ్చాను.

జూలై 5, శనివారం

బ్రహ్మాండం! గంటంబావు చెప్పాను. మా పేట పిల్లల్నీ అవతలి పేట పిల్లల్నీ టీచరు కలిపి కూర్చోబెట్టారు. నలభై ఏళ్ళ నాటి వలల గొడవ ఎత్తుకున్నాను. మావాళ్ళు అవతలి పేట పడవ తగలబెట్టడం, రెండేళ్ళు ఒకరింట ఒకరు మంచినీళ్ళు ముట్టకపోవడం, ఆఖరికి రాజీ. ఒక్క పేరు చెప్పలేదు. మధ్యలో పిల్లలు ఆవలిస్తుంటే, అగ్గిపుల్ల గీసినవాడికి ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవనీ, ఆ చెయ్యే గాలికి అడ్డం పెట్టాడనీ చేసి చూపించాను. క్లాసంతా గప్‌చిప్.

రాస్తుంటే ఇప్పుడు తట్టింది. మా పేటలో రెండు వేళ్ళు లేనిది నూకాలు ఒక్కడికే. వాడి మనవరాలు ఈశ్వరి ముందు బెంచీలోనే ఉంది.

పేరు చెప్పలేదు కదా.

జూలై 8

ఈశ్వరి రెండు రోజులుగా బడికి రావట్లేదట. అవతలి పేట పిల్లలు రెండు వేళ్ళు మడిచి చూపిస్తున్నారట. ఏటి సేసావు తాతా, అది నా పక్కన కూకునేది అని యశస్విని కంచం తోసేసింది.

జూలై 9

అనూరాధ గారు ఇంటికొచ్చారు. ‘ఉద్దేశాలు నెరవేరినవి’ అని రిపోర్టు పంపేశాక ఈ సంగతి తెలిసిందట. హెడ్మాస్టరు మెమో అంటున్నారట. పిల్లలు కొట్టుకుంటే ఏం చెయ్యాలో ట్రైనింగులో చెప్పారండీ, పెద్దలు నోరు జారితే ఏం చెయ్యాలో చెప్పలేదు అన్నారు. ఈశ్వరి ఇంటికి వెళ్తే నాయనమ్మ, సదివింది సాలు, రేపట్నించి సేపల గంప ఎత్తుద్ది అని తలుపేసిందట. టీచరు గారు మా ఇంట్లో టీ ముట్టలేదు.

జూలై 10, ఉదయం 6

నూకాలు వల బాగు చేసుకుంటున్నాడు. తప్పయిపోయింది బావా అన్నాను. తలెత్తలేదు. నా పేరు సెప్పలేదులే, బాగానే ఉంది, మరి నీ పేరు కూడా సెప్పలేదేటి బావా, కిరసనాయిలు డబ్బా ఎవుడు మోసాడు, మా తాతేటి అన్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు తట్టుకోలేకపోయాను.

నలభై ఏళ్ళుగా చెబుతున్న కథ. డబ్బా మోసినవాణ్ణి అందులోంచి ఎప్పుడు తీసేశానో గుర్తు లేదు.

జూలై 11

రేపు పది నిమిషాలు ఇమ్మని అనూరాధ గారిని అడిగాను. ఒకే పెద్దని రెండోసారి పిలవమని సర్క్యులర్లో లేదండీ అన్నారు. మళ్ళీ తనే, రండి, నేను చూసుకుంటాను అన్నారు. పిల్లని ఈ ఒక్క రోజు పంపమని నూకాల్ని బతిమాలాను.

జూలై 12, శనివారం

నాలుగు నిమిషాల్లో అయిపోయింది. పిట్టకథలు లేవు. కిరసనాయిలు మోసింది నేనే అన్నాను. వెనక బెంచీలోంచి ఈశ్వరి కళ్ళార్పకుండా చూసింది. యశస్విని నా వైపు చూడలేదు.

జూలై 14

ఈశ్వరి బడికి వెళ్ళింది. మా యశస్విని వెళ్ళనంటోంది.