ఇంగువ డబ్బా చదివిన పిల్ల

ఆమదాలవలస, ఆదివారం

అమ్మా, నీ మనవరాలు హారిక బాగానే ఉంది, బెంగపడకు.

డాక్టరు గోధుమ, మైదా మానేయమన్నప్పటి నుంచి అది బజారులో ఆనియన్ రింగులు చూసి తల తిప్పేసుకుంటోంది. అందుకని నిన్న ఇంట్లోనే మొదలెట్టాను. బియ్యప్పిండి జారుగా కలిపి ఉల్లి చక్రాలు ముంచితే పిండి నిలవలేదు. "సేపముక్కలకి అద్దినట్టు ముందు పొడిపిండి అద్దవే" అంది మా అత్త. అద్దాక పట్టుకుంది.

నీ అలవాటే నాకూ, ఇంగువ లేనిదే పిండి కలపను. ముందే వేసినా ఇంకో చిటికెడు వేద్దామని డబ్బా మూత తీశానో లేదో, పక్కనే నిలబడ్డ హారిక చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఆగు! డబ్బా మీద సూసేవా? గోదుమపిండి అని రాసున్నాది."

చీమంత అక్షరాలు, కానీ నిజమే! చారులో రోజూ వేసేది అదే. గోధుమ మానేసినా దాని కడుపునొప్పి ఎందుకు తిరగబెడుతోందో అప్పుడు తెలిసింది. ఎనిమిదేళ్ల పిల్లకు కనిపించింది, పెళ్లైనప్పటి నుంచీ వాడుతున్న నాకు కనిపించలేదు.

కొత్త పిండి కలిపి, ఇంగువ లేకుండానే వేయించాను. అది కొరుకుతుంటే ఆ కరకర వీధిగుమ్మం దాకా వినిపించింది! వంట మానేసి దాన్నే చూస్తూ నిలబడిపోయాను.

నాన్న మోకాలు ఎలా ఉంది? ఆవు ఈనిందా? అందరినీ అడిగానని చెప్పు.

ఒక్క మాట, కోప్పడకు. నీ గుమ్మడి వడియాలు కూడా పక్కకు నెట్టేసింది. ఎందుకే అంటే, "అమ్మమ్మ పొట్లం మీద ఏటీ రాసుండదు కదా" అంది. ఈసారి ఇంగువ వేయకుండా పెట్టి, ఏమేం వేశావో నీ చేత్తో చీటీ రాసి పొట్లంలో పెట్టు. అక్షరాలు వంకరపోయినా ఫర్వాలేదు, అది చదువుకుంటుంది.

నీ తులసి