టామీ ముందరే పిల్లి పెరుగన్నం తినింది

మంగళవారం రాత్రి, మారతహళ్ళి

కలిసినాయప్పా! మా కుక్క టామీ, మేం ఇంట్లోకి తెచ్చుకున్న వీధిపిల్లి ఈ పొద్దు ఒకే గదిలో కూర్చున్నాయి! ఇన్నాళ్ళూ వేరువేరు గదుల్లో పెట్టి, దీని గుడ్డ దానికి, దాని గుడ్డ దీనికి వాసన చూపించినాం. టామీ గొలుసు గట్టిగా పట్టుకుని తలుపు తీస్తే రెండూ తోకలు ఊపినాయి. సంతోషం పట్టలేక రెండిటికీ ఉప్పుతో దిష్టి తీసినా.

మా అమ్మాయి సుజాత ఒకటే నవ్వు. "నాన్నా, కుక్క తోక ఊపితే ప్రేమ, పిల్లి ఊపితే కోపం. ఆదివారంలోగా సర్దుకోకుంటే పిల్లిని ఎవరికన్నా ఇచ్చేద్దాం."

కోపముంటే పిల్లి టామీ ముందరే పెరుగన్నం ఎట్ల తినింది? నాకేమీ అర్థం కాలే.

అయినా చెప్పాల్సినోళ్ళు: హిందూపురం అక్క, వర్తూరు తమ్ముడు, పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరిగే మా బావ. ఆదివారం సంగతేమో గానీ, ఈ రాత్రికి పిల్లి మా ఇంట్లోనే ఉండాదని.