నలభై సెకన్ల సంగు

12-11-96, మంగళవారం

పొద్దున్నుంచీ వాన. వాషర్‌మెన్‌పేటలో షాపు ముందు మోకాలి లోతు నీళ్లు. రిపేరుకొచ్చిన మూడు మ్యూజిక్ కీబోర్డులు విప్పి కాంటాక్టులు స్పిరిట్‌తో తుడిచాను. ఒకదాంట్లో బొద్దింకలు.

సాయంత్రం ఓనరు బాలసుందరం అన్న రెండు శాంప్లర్లు తెచ్చి బెంచీ మీద పెట్టాడు. మూతపడ్డ ఏదో స్టూడియో సామాను. దీపావళి బోనస్ బదులు ఒకటి నీకు, ఏది కావాల్నో నెలాఖరుకి చెప్పు, రెండోది కోడంబాకం సినిమావాళ్లకు పోతాది అన్నాడు. పెండ్లి కచేరీలకు కొత్తదే తీసుకోరా, పాతదాంట్లో నీ నిద్రమాత్ర పాటలు చేసుకుంటావా ఏంది అని నవ్వాడు.

నేను చేసేవి తాళం లేని పాటలు. యాంబియెంట్ అంటారు. అన్న దృష్టిలో నిద్రమాత్రలు.

రెండింటినీ గోనెలో చుట్టి ఆటోలో పెరంబూరు, మా ఇంటికి తెచ్చాను.

13-11

ఏ శబ్దాన్నైనా పట్టి దాచి, కీబోర్డు మీద పై శ్రుతిలో, కింది శ్రుతిలో వాయించడానికి శాంప్లర్. కొత్తది 16 బిట్. శబ్దం చాలా శుభ్రంగా ఉంటుంది. పదిహేను సెకన్లకే మెమరీ నిండిపోతుంది. పాతది 12 బిట్. క్వాలిటీ తగ్గిస్తే నిమిషం దాకా పడుతుంది, కానీ కంబళి కింద నుంచి విన్నట్టు ఉంటుంది.

శుభ్రంగా ఉండాలా, పొడుగ్గా ఉండాలా. తేలలేదు.

17-11, ఆదివారం

నాయన రైల్వే వర్క్‌షాపులో స్టీమ్ హ్యామర్ పక్కన ముప్పై నాలుగేళ్లు పని చేశాడు. చెవులు అక్కడే పోయాయి. సన్నటి శబ్దాలు ఏవీ వినపడవు, బొంగురువి కొద్దిగా వినపడొచ్చు అని డాక్టరు చెప్పాడు. చెవి మిషన్ పెడితే గుయ్యంటోందని పీకేశాడు. అమ్మ పోయాక మాటలూ తగ్గాయి. ఒక్కోసారి డ్యూటీకి టైమైందా అని అడుగుతాడు. రిటైరై ఆరేళ్లు. అలమేలు అక్క ఏదైనా అరిచే చెప్పాలి. మా ఇంట్లో ఏం కూరో వీధంతా తెలుసు.

ఈరోజు అక్క రోట్లో పచ్చడి నూరుతుంటే పాతదాంట్లో పట్టి, శ్రుతి మూడు ఆక్టేవులు, అంటే మూడు స్థాయిలు దించి స్పీకర్లో పెట్టాను. నాయన తలెత్తాడు. లేచొచ్చి స్పీకర్ మీద అరచెయ్యి పెట్టాడు. ఇదేం మిషన్‌రా, బేరింగ్ పోయుండాది, ఫోర్‌మన్‌కు చెప్పినారా అన్నాడు.

ఈ ఏడాదిలో నాతో ఇంత పొడుగు మాట అనలేదు.

20-11

పొద్దున ఏడుకు టేప్ రికార్డరు పట్టుకుని వర్క్‌షాపు గోడ దగ్గర నిలబడ్డాను. సైరన్ ఊదింది. నాయన దాన్ని సంగు అంటాడు. లేచి, నిలిచి, దిగేదాకా నలభై సెకన్లు. కొత్తదాంట్లో పదిహేను సెకన్లకే తెగిపోయింది. పాతదాంట్లో మొత్తం పట్టింది, ఫ్లాపీలో దాచాను. కిందికి దించి స్పీకర్లో పెట్టాను.

నాయన విన్నాడు. అలమేలూ, నా ఖాకీ చొక్కా ఏడ పెట్టినావు, రెండో సంగుకు గేటు మూసేస్తారు అని కేకేశాడు.

అక్కా నేనూ నవ్వాం. ఆ తర్వాత అక్క వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది.

23-11

రోజూ ఏడుకు పెడుతున్నాను. నాయన స్నానం చేస్తున్నాడు. గడ్డం గీసుకుంటున్నాడు. నిన్నమొన్నటిదాకా బతిమాలితే గాని ఏదీ లేదు. అక్క క్యారియర్ కట్టి ఇస్తే వాకిట్లో బెంచీ మీద కూర్చుని తింటాడు. అంతటితో డ్యూటీ అయిపోతుంది.

నీ డబ్బా ఇన్నాళ్లకు ఒక పనికొచ్చిందిరా, దీన్ని మాత్రం వదలొద్దు అంది అక్క.

26-11

పాతదే. అన్నకు చెప్పాలి.

1-12, ఆదివారం

శుక్రవారం షాపులోకి నీళ్లొచ్చాయని సెలవు. అక్క కిరసనాయిలు కోసం రేషన్ షాపు క్యూకి వెళ్లింది. నాయన పడుకుని ఉన్నాడు. రెండున్నరకు నా పాట పని మొదలుపెట్టాను. సంగునే ఇంకా దించి, చివర మొదట్లో కలిసేలా లూప్ చేశాను. హెడ్‌ఫోన్లో అంత కింది శబ్దం రాదని స్పీకర్లోనే పెట్టాను. బాగా వచ్చింది. కళ్లు మూసుకుని విన్నాను. ఇరవై నిమిషాలు ఉంటుంది.

నాకది పాట. ఆయనకు రెండో సంగు, మూడో సంగు, నాలుగో సంగు. గేటు మూసేస్తారనుకుని ఉంటాడు.

నా వెనక నుంచే వెళ్లాడు. ఇంట్లో వేరే దారి లేదు.

ఆలస్యమైన రోజు వర్క్‌షాపు వాళ్లు బ్రిడ్జి ఎక్కరు. గోడ సందులోంచి పట్టాలు దాటుతారు. ఆయనా అలాగే దాటాడు. లోకల్ బండి. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడట. స్టేషను పోర్టర్ మాదయ్య వచ్చి చెప్పాడు. పెద్దాయన తిరిగి కూడా సూడలేదప్పా, ఏగిరంగా పోతా ఉన్నాడు అన్నాడు.

ఖాకీ చొక్కా బొత్తాలు మెడదాకా పెట్టుకున్నాడు. క్యారియర్ ఖాళీది.

10-12

నిన్న కర్మ అయింది.

పొద్దున బియ్యం ఏరుతూ అక్క, ఆ పొద్దు మధ్యాహ్నం దాన్ని పెట్టినావా అని అడిగింది. పెట్టానన్నాను. ఎంతసేపు అంది. చెప్పాను. ఆయన పండుకోనుండాడు గదా అనుకుంటివా అంది. అవునన్నాను.

ఏరిన బియ్యమే మళ్లీ ఏరింది. తర్వాత, వదలొద్దు అన్నది నేనే గదరా అంది. నేను లేచి బయటికి వెళ్లాను. నీ తప్పు కాదని అనాల్సింది.

12-12

అన్న ఇంటికొచ్చాడు. మిషన్ సంగతి ఇప్పుడేం తొందర లేదురా, మెల్లగా చెప్పు అన్నాడు. కొత్తది ఉంచుకుంటానన్నాను. పాతదాన్ని గోనెలో చుట్టి ఆటోలో పెట్టాను. సంగు ఉన్న ఫ్లాపీ అన్న అడగలేదు. నేనూ ఇవ్వలేదు.

14-12, శనివారం

వాన లేదు. అక్క పొద్దున ఆరు పది బండికి పుత్తూరు, చిన్నమ్మ ఇంటికి వెళ్లిపోయింది. తన బట్టలన్నీ రెండు సంచుల్లో పట్టాయి.