ముసలవ్వ పేరు

శుక్రవారం, బుదైయా, బహ్రెయిన్

నేను కారు నడిపే పెద్ద సార్‌ది వేల్స్. వాళ్ళ ఊరి చర్చి రికార్డు కంప్యూటర్లో దొరికిందని ఈ రోజు చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. వాళ్ళ ముత్తాతకు జ్ఞానస్నానం చేయించిన రోజు రాసిందట. అందులో ఆ బిడ్డ తల్లి పేరు కూడా ఉంది. మీ తాత వాళ్ళమ్మ పేరేమిటని నన్నడిగాడు. తెలియదన్నాను.

పెత్రమాసకు బియ్యం ఇచ్చేటప్పుడు అయ్యగారు చనిపోయిన పెద్దల పేర్లు అడుగుతాడు. మగవాళ్ళ పేర్లన్నీ గడగడా చెప్పే నాన్న, ఆమె దగ్గరికొచ్చేసరికి ‘ముసలవ్వ’ అనేవాడు. అయ్యగారు అదే చదివేవాడు. మేం దండం పెట్టేవాళ్ళం.

అమ్మకు ఫోన్ చేశాను.

“అందరు ముసలవ్వనే అంటుండిరి. ఆమె పేరెవలకెర్క బిడ్డా?” అంది.

ఇంత మందిమి ఆమె కడుపు నుంచి వచ్చినవాళ్ళమే. ఒక్కరికీ తెలియదు.

ఇంతలో నా కూతురు అమ్మ చేతిలోంచి ఫోన్ లాక్కుంది. నన్ను వీడియోలో చూస్తూనే పెరిగిన పిల్ల.

“నా పేరేంది బిడ్డా?” అనడిగాను.

“దుబాయి డాడీ!” అంది టక్కున.

అసలు పేరు చెప్పేలోపే ఫోన్ పడేసి ఆటకు పోయింది. నేను బహ్రెయిన్‌కు తప్ప ఎక్కడికీ పోలేదు. దుబాయి ఎట్లా ఉంటుందో కూడా నాకు తెలియదు.